ఆర్డరు వేయడానికి వీల్లేని కుర్చీ

మా తాడేపల్లిగూడెం వైపు టీ కొట్టు దగ్గర రోజుకి ఒక్కసారైనా వినబడే మాట ఒకటుంది. రోడ్డు మీద గొయ్యి పడినా, కరెంటు పోయినా, పంచాయతీ ఆఫీసులో గుమస్తా సీట్లో లేకపోయినా ఎవరో ఒకరు అనేస్తారు: “ఈ దేశాన్ని ఓ అయిదేళ్ళు మిలిటరీ వాళ్ళ చేతిలో పెట్టాలండీ, అప్పుడుగానీ దారికి రాదు.” మా దగ్గర ఆ మాటకి బలం కాస్త ఎక్కువే. పక్కనే మాధవరం ఉంది కదా, పేరుకి ముందు ‘మిలిటరీ’ తగిలించకుండా ఎవరూ పిలవని ఊరు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యంలోకి మనుషుల్ని పంపుతున్న ఊరు. మా పెదనాన్న కూడా మద్రాసు సాపర్లలో, అంటే సైన్యం ఇంజనీరు దళంలో, హవల్దారుగా చేసి వచ్చినవాడే. అందుకే ఆ మాట మీద నాకు చిన్నప్పట్నుంచీ గౌరవమూ ఉంది, అనుమానమూ ఉంది.

నిజంగా మిలిటరీ మనిషిని తెచ్చి పార్లమెంటులో కూర్చోబెడితే ఏమవుతుంది? ఊహించుకోవాల్సిన పని లేదు, జరిగిన కథే ఉంది. మేజర్ జనరల్ భువన్ చంద్ర ఖండూరీ. మన వైపు ఈ పేరు చాలామందికి తెలియదు, కానీ ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఏ కారు ఎక్కినా ఆయన పని మీద నుంచే వెళ్తాం.

1934లో డెహ్రాడూన్‌లో పుట్టాడు. 1954లో సైన్యంలో చేరాడు, ఇంజనీర్ల దళంలో. అంటే బ్రిడ్జీలు కట్టడం, మందుపాతరలు తీయడం, కొండల్లో దారి వేయడం లాంటి పనులు. 1990లో మేజర్ జనరల్‌గా రిటైరై, ఏడాది తిరగకుండానే 1991లో బీజేపీ టికెట్టు మీద గఢ్వాల్ నుంచి లోక్‌సభకి వచ్చేశాడు. ఇప్పటి ఉత్తరాఖండ్‌లో ఉన్న ఈ గఢ్వాల్ అంటే మన మాధవరాన్ని ఓ జిల్లా అంత పెద్దది చేసి కొండల మీద పెట్టినట్టు అనుకోండి. లాన్స్‌డౌన్‌లో గఢ్వాల్ రైఫిల్స్ కేంద్రం, లోయల్లో సిపాయి లేని ఊరు అరుదు, మగవాళ్ళు పంపే మనియార్డర్ల మీద నడిచిన ఇళ్ళు. అలాంటి చోట మేజర్ జనరల్ నిలబడితే సగం ప్రచారం అయిపోయినట్టే.

ఇక్కడ ఓ చిన్న సంగతి చెప్పాలి. ‘రాజకీయం తెలియని నిజాయితీ సైనికుడు’ అని ఈయన గురించి రాసేవాళ్ళు సాధారణంగా దీన్ని దాటేస్తారు. ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రిగా, కేంద్రమంత్రిగా చేసిన హేమవతీ నందన్ బహుగుణ ఈయనకి సొంత మేనమామ. అంటే ఇంటి నిండా రాజకీయమే. యూనిఫాం వేసుకున్నంత మాత్రాన మనిషి ఆకాశం నుంచి ఊడిపడడు కదా. పైగా 1996లో ఓడిపోయాడు కూడా. కొండ ఓటరు సెల్యూట్ కొట్టి ఊరుకునే రకం కాదు. మళ్ళీ 1998, 1999, 2004 వరసగా గెలిచాడు.

ఇప్పుడు రోడ్డు సంగతి. వాజపేయి ప్రభుత్వం ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాల్ని నాలుగు వరసల రోడ్డుతో చుట్టాలని పెట్టుకున్న స్వర్ణ చతుర్భుజికి 1999 జనవరిలో పునాదిరాయి పడింది. మొత్తం 5,846 కిలోమీటర్లు. అందులో ఎక్కువ వాటా మన కోస్తాదే, 1,014 కిలోమీటర్లు. 2000 నవంబరులో రోడ్ల శాఖని స్వతంత్ర హోదాతో ఖండూరీకి ఇచ్చారు, 2003లో కేబినెట్ హోదా ఇచ్చారు. ఇంజనీరు చేతికి ఇంజనీరింగు పని, పైగా ప్రధానమంత్రికి ఇష్టమైన పథకం, పెట్రోలు డీజిలు మీద లీటరుకి రూపాయి చొప్పున సెస్సు వేసి డబ్బుకి దారి కూడా ముందే చూసి పెట్టారు. ఇన్ని కలిసొచ్చిన మంత్రి ఆ పదేళ్ళలో ఇంకొకడు ఉన్నాడా అంటే నాకైతే అనుమానమే.

ఆ రోజులు నాకు బాగా గుర్తు. అప్పటిదాకా మా హైవే అంటే రెండు వరసల తారు, అటూ ఇటూ చింతచెట్లు, మొదళ్ళకి సున్నం పట్టీలు, రాత్రి ఎదురుగా లారీ వస్తే డిమ్ కొట్టమని డ్రైవరు తిట్టే తిట్లు. ముందు చెట్లకి నంబర్లు వేశారు. తర్వాత ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగు గీతలు. తర్వాత చెట్లు లేవు. మట్టి పోసి, రోలరు తొక్కించి, మళ్ళీ పోసి, మళ్ళీ తొక్కించి ఒక్కో పొరా లేపుతుంటే మా పెదనాన్న రోజూ సాయంత్రం సైకిలేసుకుని వెళ్ళి అక్కడ నిలబడేవాడు. ఓ కుర్రాడు రోలరు తొక్కిన చోట గిన్నెంత గుంట తవ్వి, తీసిన మట్టిని జాగ్రత్తగా సంచిలో కట్టి, సిలిండరులోంచి ఆ గుంటలోకి సన్నటి ఇసుక వదిలి, ఎంత ఇసుక పట్టిందో తూచి పుస్తకంలో రాసుకునేవాడు. పొర ఎంత గట్టిపడిందో తెలుసుకునే పరీక్ష అది. పెదనాన్న వంగి చూసి, “ఎంతొచ్చింది బాబూ?” అని అడిగేవాడు. ఆ కుర్రాడు మొదట్లో ఈ పెద్దాయన ఎవరో ఆఫీసరేమో అని టెన్షన్ పడి నిలబడి మరీ చెప్పేవాడట. సాపరని తెలిశాక కూర్చునే చెప్పేవాడు.

ఆ పనిలో ఖండూరీకి కఠినుడని పేరొచ్చింది. గడువు దాటితే ఊరుకోడు, చెప్పకుండా సైటుకి వస్తాడు, కాంట్రాక్టరుకి టీ ఇప్పించే రకం కాదు అని చెప్పుకునేవాళ్ళు. పని నడిచింది కూడా. కానీ పూర్తయిందా అంటే, మొదట పెట్టుకున్న 2003 గడువుకీ కాలేదు, 2004 ఎన్నికలకీ కాలేదు. భూసేకరణ కేసులు, కాంట్రాక్టర్ల గొడవలు తెమిలి మొత్తం చతుర్భుజి పూర్తయిందని చెప్పుకునేసరికి 2012 వచ్చింది. మెచ్చుకోవాల్సింది ఏమిటంటే, 60,000 కోట్లవుతుందనుకున్నది దాదాపు సగంతో అయింది. మన దేశంలో అంచనాకి సగంలో అయిన పెద్ద పని ఇంకోటి ఎవరైనా చూపిస్తే నేను చదువుకుంటాను.

దీన్ని చూసే అందరూ ‘చూశారా, మిలిటరీ వాడి చేతిలో పెడితే ఎలా ఉంటుందో’ అంటారు. నేను అక్కడ ఆగమంటాను. అదే రోడ్డు మీద, అదే శాఖ కింద, సత్యేంద్ర దూబే అనే ఇంజనీరు పనిచేశాడు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, జాతీయ రహదారుల సంస్థలో చేరి, కోడెర్మా వైపు ముక్కని చూసుకునేవాడు. నాసిరకం పని, సబ్ కాంట్రాక్టులు, డబ్బు కాజేయడం, అన్నీ వివరంగా రాసి 2002లో ప్రధానమంత్రి కార్యాలయానికి పంపాడు, నా పేరు బయటపెట్టొద్దని కోరుతూ. ఆ ఉత్తరం ప్రధాని ఆఫీసు నుంచి శాఖకి, శాఖ నుంచి సంస్థకి, పేరుతో సహా నడుచుకుంటూ వచ్చేసింది. 2003 నవంబరు 27 తెల్లవారుజామున గయలో అతన్ని కాల్చి చంపారు. దోపిడీ కోసం చేసిన హత్యే అని సీబీఐ తేల్చింది, 2010లో ముగ్గురికి శిక్ష పడింది. సరే, హత్యకీ ఉత్తరానికీ ముడిపెట్టకుండానే అడుగుతాను: పేరు దాచమన్న మనిషి పేరు ఎందుకు దాగలేదు? ఖండూరీ స్వయంగా తప్పు చేశాడని నేననను. కానీ పైనుంచి కిందికి ఆర్డర్లు బాగా దిగే యంత్రంలో, కింద నుంచి పైకి వెళ్ళిన ప్రశ్న కూడా ఆర్డరులాగే మళ్ళీ కిందికే దిగుతుంది, ఎవరి మీద రాశారో వాళ్ళ బల్ల మీదకే. క్రమశిక్షణ దానికి మందు కాదు. ఒక్కోసారి అదే రోగం.

2007లో ఆయన్ని ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రిని చేశారు. ఎంపీ కాబట్టి ఎమ్మెల్యే సీటు కావాలి. ధూమాకోట్‌లో కాంగ్రెస్ ఎమ్మెల్యే రాజీనామా చేసి ఖాళీ చేసిచ్చాడు, తర్వాత ఆ పెద్దమనిషే బీజేపీ తరఫున గఢ్వాల్ లోక్‌సభ ఉపఎన్నికలో గెలిచాడు. ఇంతకీ ఆయనెవరు? లెఫ్టినెంట్ జనరల్ టీపీఎస్ రావత్. ఒక జనరల్ ఇంకో జనరల్‌కి సీటిచ్చి, ఇంకో పార్టీలోంచి ఆయన ఖాళీ చేసిన సీటు పుచ్చుకున్నాడు. టీ కొట్టు దగ్గర ఈ కథ చెబితే ఎవరూ నమ్మరు, మిలిటరీ వాళ్ళు అలా చేయరండీ అంటారు.

ముఖ్యమంత్రి కుర్చీలో ఆయన తడబడ్డాడు. మంత్రికి శాఖ ఉంటుంది, ఫైలు మీద సంతకం పెడితే కదులుతుంది. ముఖ్యమంత్రి కింద ఉండే ఎమ్మెల్యేలు సిపాయిలు కారు, ఒక్కొక్కడూ తన ఊళ్ళో తనే జనరల్. బదిలీలకి సిఫార్సులు వినడు, అపాయింట్‌మెంటు లేకుండా కలవడు అని సొంత పార్టీవాళ్ళే గొణిగారు. 2009 లోక్‌సభ ఎన్నికల్లో రాష్ట్రంలోని అయిదు సీట్లూ పోయాయి, ఆయన కుర్చీ కూడా పోయింది. రెండేళ్ళు తిరిగాక, తర్వాత వచ్చినాయన మీద ఆరోపణలు ముసురుకుని, ఎన్నికలు దగ్గరపడ్డాక 2011 సెప్టెంబరులో మళ్ళీ ఈయన్నే పిలిచారు. అన్నా హజారే ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. వచ్చీరాగానే ముఖ్యమంత్రిని కూడా పరిధిలోకి తెచ్చే లోకాయుక్త బిల్లు పాస్ చేయించాడు, హజారే మెచ్చుకున్నాడు. ముఖ్యమంత్రి మీద విచారణకి లోకాయుక్త సభ్యులందరూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలని అందులో ఓ మెలిక ఉందని విమర్శలూ వచ్చాయి, నిజమే. ఏమైతేనేం, తర్వాతి ప్రభుత్వం దాన్ని పక్కనబెట్టి 2014లో ఇంకో చట్టం చేసుకుంది.

ఇక 2012 ఎన్నికల్లో బీజేపీ నినాదం ‘ఖండూరీ హై జరూరీ’. ఖండూరీ కావాల్సిందే అని. ఆ పేరు మీద పార్టీ కోలుకుంది, 70కి 31 వచ్చాయి, కాంగ్రెస్‌కి 32. ఒక్క సీటు తేడా. ఆ కావాల్సిందే అన్న మనిషి మాత్రం కోట్‌ద్వార్‌లో సురేంద్ర సింగ్ నేగీ చేతిలో నాలుగున్నర వేల చిల్లర ఓట్లతో ఓడిపోయాడు! ఆయన గెలిచి, ఇంకొకటి అటూ ఇటూ అయితే చాలు, ప్రభుత్వం మారిపోయేది. సొంతవాళ్ళే ముంచారని అప్పుడూ అనుకున్నారు, ఇప్పుడూ అనుకుంటారు. కాంగ్రెస్ తరఫున ముఖ్యమంత్రి అయింది ఎవరో తెలుసా? విజయ్ బహుగుణ, ఆ మేనమామ కొడుకే. పేరుకి ప్రభుత్వం మారింది గానీ చుట్టరికం మారలేదు.

మా పెదనాన్న కథా ఇంచుమించు ఇంతే, సైజు చిన్నది. 1997లో రాష్ట్రమంతా నీటి సంఘాల ఎన్నికలు పెట్టినప్పుడు మిలిటరీ ఆయన అని ఊరంతా కలిసి ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేశారు. మెడలో ఈల వేసుకుని తెల్లారగట్ల కాలవ గట్టు మీద తిరిగేవాడు. వంతు అయిపోగానే తూము దించేసేవాడు, ఎవరి చేను అన్నది లేదు, సొంత బావమరిది చేను సగం తడిసి ఉండగా దించేసిన రోజు ఇంట్లో అన్నం కూడా సరిగ్గా పెట్టలేదు. ఆ ఏడు చివరి భూములకి నీళ్ళు అందాయి, ఆ సంగతి అందరూ ఒప్పుకుంటారు. తర్వాతి ఎన్నికల్లో చిత్తుగా ఓడించారు, ఆ సంగతీ అందరూ ఒప్పుకుంటారు. “నీళ్ళిచ్చాడు గానీ మనిషిని మనిషిలా చూళ్ళేదు” అన్నారు. మేం తప్పని అన్నాం అప్పట్లో, ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళ మాటలోనూ కొంత ఉందనిపిస్తుంది.

ఖండూరీ కథలో నాకు అసలైన భాగం దీని తర్వాతే వస్తుంది. 2014లో దాదాపు ఎనభై ఏళ్ళ వయసులో మళ్ళీ గఢ్వాల్ నుంచి లోక్‌సభకి వచ్చాడు. మంత్రి పదవి రాలేదు. రక్షణ శాఖ స్థాయీ సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. స్థాయీ సంఘం అంటే చాలామందికి పట్టదు, టీవీలో రాదు, అరుపులుండవు. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది, అన్ని పార్టీలవాళ్ళూ ఓ గదిలో కూర్చుని, శాఖ కార్యదర్శినీ అధికారులనీ పిలిపించి, బడ్జెట్‌లో అడిగిన ప్రతి పద్దూ ఎందుకు, ఎంత, పోయినేడు ఇచ్చింది ఏం చేశారు అని అడుగుతారు. రిపోర్టు రాసి సభ ముందు పెడతారు. ప్రభుత్వం దాన్ని పాటించి తీరాలని లేదు. అంటే ఆ అధ్యక్షుడి చేతిలో ఏ అధికారమూ లేదు, ఒక్క అడిగే హక్కు తప్ప. ముప్పై ఆరేళ్ళు ఆర్డర్లు వేసీ అందుకునీ బతికిన మనిషికి ఇది శిక్షలా ఉండాలి. కానీ ఆయన జీవితంలో దేశానికి రోడ్డు తర్వాత అంత పనికొచ్చింది ఇక్కడే అంటాను నేను.

2018 మార్చిలో వచ్చిన రిపోర్టు తిరగేయండి. అంతకుముందే ఉరీలో సైనిక శిబిరం మీద దాడి అయింది, సరిహద్దు అవతల సర్జికల్ దాడుల గురించి దేశమంతా ఊగిపోయింది, సైన్యం అంటే చాలు చొక్కాలు చింపుకునే వాతావరణం. ఆ గదిలోకి సైన్యం ఉపాధిపతి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ వచ్చి చెప్పిన లెక్కలు ఇవీ: సైన్యం దగ్గరున్న సరంజామాలో 68 శాతం పాతకాలపుది, 24 శాతం ఈ కాలానికి సరిపోయేది, అత్యాధునికం 8 శాతం. మామూలుగా మూడింట ఒక వంతు చొప్పున ఉండాలి. ఆధునికీకరణకి ఇచ్చింది 21,338 కోట్లు, అప్పటికే ఒప్పుకున్న 125 పథకాలకి కట్టాల్సిన వాయిదాలే 29,033 కోట్లు. అంటే పాత అప్పుకే చాలని జీతం, కొత్త సరుకు ఎక్కడి నుంచి తెస్తారు? బడ్జెట్ మా ఆశల మీద నీళ్ళు చల్లిందన్నట్టుగానే ఆయన చెప్పాడు. అధికార పక్షం ఎంపీ అధ్యక్షుడుగా ఉన్న సంఘం ఆ మాటల్ని నునుపు చేయకుండా, అంకెలతో సహా అచ్చు వేయించి పార్లమెంటు ముందు పెట్టింది.

ఇదే నేను చెప్పదలచుకున్నది. పాత సైనికుడు చట్టసభలో పనికొచ్చేది గద్దించగలడని కాదు. ఎదుటి అధికారి ‘సన్నద్ధత సంతృప్తికరంగా ఉంది సార్’ అన్నప్పుడు, ఆ వాక్యం ఏ డిపోలో ఎవడు ఏ ఖాళీని కప్పిపెడుతూ రాసిందో లోపలి నుంచి తెలిసి ఉండటం వల్ల. ఆయన కూడా ఒకప్పుడు అలాంటి వాక్యాలు చదివి, బహుశా రాసి కూడా ఉంటాడు. బయటివాడికి దేశభక్తి అడ్డం పడి ‘సైన్యాన్ని ప్రశ్నిస్తామా’ అనే మొహమాటం ఉంటుంది, ఈయనకి ఆ మొహమాటం అక్కర్లేదు.

అయితే మాజీ సైనికులందరూ అలా అడుగుతారా అంటే అదీ లేదు. మేజర్ జస్వంత్ సింగ్ విదేశాంగం, ఆర్థికం, రక్షణ మూడూ చూసినవాడు, చివరికి జిన్నా మీద పుస్తకం రాసినందుకు 2009లో పార్టీ బయటికి పంపింది, అది వేరే రకం పేచీ. మాజీ సైన్యాధిపతి వీకే సింగ్ 2014లో ఘాజియాబాద్ నుంచి భారీగా గెలిచి సహాయమంత్రి అయ్యాడు. మిగ్ విమానాలు నడిపిన మన ఉత్తమ్ కుమార్ రెడ్డి 2019లో నల్గొండ ఎంపీ అయ్యాడు, 2023లో రాష్ట్రానికి వచ్చి మంత్రి అయ్యాడు. ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. యూనిఫాం చూసి ఓటేసేవాళ్ళకి ఈ తేడాలు పట్టవు, అదే ఇబ్బంది.

2018 సెప్టెంబరులో స్థాయీ సంఘాల్ని మళ్ళీ వేసినప్పుడు రక్షణ సంఘానికి అధ్యక్షుడు కల్‌రాజ్ మిశ్రా. ఏటా సంఘాల్ని కొత్తగా వేయడం మామూలే, పైగా ఖండూరీకి అప్పటికి ఎనభై నాలుగేళ్ళు దగ్గరపడ్డాయి, కాబట్టి వయసు కారణం అనేవాళ్ళ మాట పూర్తిగా కొట్టిపారేయను. కానీ వయసు మార్చిలో లేదా? ఆర్నెల్లలో ఎంత పెరిగింది? 2019 మార్చిలో డెహ్రాడూన్ సభలో రాహుల్ గాంధీ ఇదే సూటిగా అన్నాడు, ప్రశ్నలు అడిగినందుకే తీసేశారని. అదే వేదిక మీద ఖండూరీ కొడుకు మనీశ్ కాంగ్రెస్‌లో చేరాడు, గఢ్వాల్‌లో పోటీ చేసి తండ్రి శిష్యుడనే పేరున్న తీరథ్ సింగ్ రావత్ చేతిలో మూడు లక్షల పైచిలుకు ఓట్లతో ఓడాడు, 2024లో బీజేపీలో చేరిపోయాడు. కూతురు రితూ 2022లో కోట్‌ద్వార్‌లో నిలబడి, తండ్రిని ఓడించిన ఆ నేగీనే ఓడించి, ఉత్తరాఖండ్ అసెంబ్లీకి స్పీకరు అయింది. సినిమా వాళ్ళు రాస్తే అతిగా ఉందంటాం.

ఎంత వెతికినా నాకు కనబడనిది ఒకటుంది. ఆ రిపోర్టు వచ్చిన రోజో, అధ్యక్షుణ్ణి మార్చిన రోజో, ‘దేశాన్ని మిలిటరీ వాళ్ళ చేతిలో పెట్టాలి’ అనేవాళ్ళలో ఒక్కడైనా రోడ్డెక్కిన దాఖలా. మా టీ కొట్టు దగ్గరైతే దాని ఊసే లేదు. ఆ వారం కూడా ఎవరో టోల్‌గేటు దగ్గర మాజీ సైనికుడి కార్డు చూపించినా డబ్బులు అడిగారని తెగ గొడవ. గొడవ పెట్టుకోనీ, నేను కాదనను. కానీ 68 శాతం అన్న అంకె గురించి ఒక్క ముక్క ఎవరి నోటా రాలేదు.

పెదనాన్న ఒక్కడే పట్టించుకున్నాడు. నీటి సంఘంలో ఓడాక ఆయన ఈల తీసి మేకుకి తగిలించి, ఇంకో పని పెట్టుకున్నాడు. కాలవకి లైనింగు పని జరిగినా, ఊళ్ళో సిమెంటు రోడ్డు వేసినా, చేతిలో టేపు పట్టుకుని వెళ్ళి కొలిచి, గ్రామసభలో లేచి, “ఎం బుక్కు ఓసారి చూపించండి బాబూ, అందులో మందం ఎంత రాశారు?” అని అడిగేవాడు. ఎం బుక్కంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం. అరవడు, ఆర్డరు వేయడు. ఓసారి ఓ కాంట్రాక్టరు అయిదంగుళాలు రాసి మూడున్నర వేసిన ముక్క అలాగే దొరికింది, పగలగొట్టించి మళ్ళీ వేయించారు. అధ్యక్షుడిగా ఈలేసుకుని తిరిగిన రోజుల్లో కంటే ఊరికి అప్పుడే ఎక్కువ పనికొచ్చాడని నా లెక్క. మెచ్చుకున్నవాళ్ళు మాత్రం తక్కువ. పెద్దాయనకి పనీపాటా లేదన్నారు.

2018లో ఆయనకి చూపు తగ్గింది, భూతద్దం పెట్టుకుని పేపరు చదివేవాడు. మార్చిలో ఆ రిపోర్టు వార్త కత్తిరించి తన డిశ్చార్జి పుస్తకంలో పెట్టుకున్నాడు, 68 కింద ఎర్ర పెన్నుతో గీత గీసి. సెప్టెంబరులో నేనే ఫోను చేసి చెప్పాను, మీ జనరల్‌ని తీసేశారు పెదనాన్నా, ఇవాళ్టి పేపరులో ఉంటుంది, అదీ కత్తిరించి పెట్టుకో అని.

“అందులో ఏముందిరా దాచుకోడానికి, పేరు మారిందంతే. ఆ మిగతా లెక్కలు ఎప్పుడు వేస్తారో కనుక్కో.”